పెళ్ళిపత్రిక అడ్డుపెట్టి చూస్తే

ఈ ఎండాకాలం మా ఇంట్లో పెళ్ళిపత్రికలకి ఎక్కడలేని గిరాకీ వచ్చిందండీ. మామూలుగా అయితే ముహూర్తం దాటగానే పాతపేపర్ల కట్టలోకి పోతాయి కదా. ఈసారి మా పదేళ్ళ మనవడు సెలవులకి తార్నాక వచ్చింది మొదలు ఒక్క పత్రిక కూడా గుమ్మం దాటలేదు. దళసరిగా ఉన్నదైతే వాడికి మరీ మక్కువ. మా ఆడపడుచు మనవరాలి పెళ్ళిపత్రిక ఒకటి, బంగారు రంగు వినాయకుణ్ణి ఉబ్బెత్తుగా అచ్చేసింది, అన్నిటికన్నా బాగా నిలబడుతుందని దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకునేవాడు.

ఏం పనికి అంటారా? ముక్కుకీ బొమ్మకీ మధ్య అడ్డుగోడ కట్టడానికి.

టీవీలో ఛోటా భీమ్ వస్తూంటే ఒక దృశ్యం ఆపి ఫోనుతో ఫోటో తీస్తాడు. ఒక్క క్షణం ముందుకి జరిపి, మళ్ళీ ఆపి ఇంకొకటి తీస్తాడు. ఆ రెంటినీ తార్నాక చౌరస్తాలో జిరాక్స్ షాపుకి పట్టుకెళ్ళి రంగుల్లో అచ్చు తీయిస్తాడు. ఒక్కొక్కటీ ఆరు సెంటీమీటర్ల వెడల్పుకి కత్తిరించి అట్టముక్క మీద పక్కపక్కన అంటిస్తాడు. ఆ రెండు బొమ్మల మధ్య గీత మీద పెళ్ళిపత్రికని నిలువుగా నిలబెట్టి, ఇవతలి అంచు ముక్కుకి ఆనించుకుంటే ఎడమ కంటికి ఎడమ బొమ్మే, కుడి కంటికి కుడి బొమ్మే కనబడతాయి. అప్పుడు బొమ్మని చూస్తున్నట్టు కాకుండా, దాన్ని దాటి ఎక్కడో వీధి చివరి వేపచెట్టుని చూస్తున్నట్టు కళ్ళు వదిలెయ్యాలి. కాసేపటికి రెండు బొమ్మలూ నెమ్మదిగా జరిగి ఒకటవుతాయి. అట్ట మీద చదునుగా ఉన్న ఢోలక్‌పూర్ కాస్తా లోపలికి వెళ్ళిపోతుంది. పొద ముందుకొస్తుంది, ఇళ్ళు వెనక్కి తగ్గుతాయి, కొండ ఇంకా వెనక్కి.

ఆరు సెంటీమీటర్లే ఎందుకంటే, మన రెండు కంటిపాపల మధ్య దూరం పెద్దవాళ్ళకి ఇంచుమించు ఆరు, ఆరున్నర సెంటీమీటర్లు. బొమ్మలు అంతకన్నా ఎడంగా ఉంటే కళ్ళు చెరోవైపుకి తిప్పాలి, అది మనుషుల వల్ల అయ్యే పని కాదు. మా వయసు వాళ్ళు దగ్గరచూపు కళ్ళజోడు పెట్టుకోవడం మరిచిపోకండి.

సినిమాలకీ నవలలకీ విమర్శలు రాస్తారు గానీ జిరాక్స్ కాయితానికీ జిగురుకీ ఎవరైనా రాస్తారా అని నవ్వుకుంటున్నారు కాబోలు. నెలరోజులు ఆ అట్టముక్కల మధ్య కాపురం చేశాక నాకూ కొన్ని అభిప్రాయాలు ఏర్పడ్డాయి మరి. పైగా ఈ ఆటలో నా సంగతి ఒకటి బయటపడింది. అది తర్వాత చెబుతాను.

అసలు ఒకే తెర మీద కనబడిన రెండు ఫ్రేములు రెండు కళ్ళ పని ఎలా చేస్తాయి? ఈ ప్రశ్నకి జవాబు మావారి దగ్గర దొరికింది. ఆయన రిటైరయ్యేదాకా ఉస్మానియాలో జియాలజీ చెప్పారు. మొదటి అట్టముక్క చూడగానే, "ఒరేయ్, ఇది మా ఏరియల్ ఫోటోలే గదరా!" అని కుర్చీలోంచి లేచారు. (ఈ మధ్య ఆయన అంత చురుగ్గా లేవడం నేను చూడలేదు.) విమానం తిన్నగా ఎగురుతూ కింద నేలని వరసగా ఫోటోలు తీసుకుంటూ పోతుందట. ఒక ఫోటోలో ఉన్న నేలలో సుమారు 60 శాతం తర్వాతి ఫోటోలో కూడా ఉండేట్టు తీస్తారట. ఆ రెంటినీ అద్దాలు బిగించిన స్టీరియోస్కోపు కింద పెట్టి చూస్తే కొండలు లేచి నిలబడతాయి, ఉన్నదానికన్నా ఎత్తుగా కూడానూ. ఉన్నది ఒకటే కెమెరా. అది ముందున్న చోటు ఒక కన్ను, జరిగిన చోటు రెండో కన్ను.

కార్టూన్లో కెమెరా జరగదు, బొమ్మలే జరుగుతాయి. రైల్లో వెళ్తుంటే పట్టాల పక్క తుమ్మచెట్లు గబగబా వెనక్కి పోతాయి, దూరపు కొండ మనతోపాటే వస్తున్నట్టుంటుంది కదా. కార్టూను గీసేవాళ్ళు దాన్నే కాపీ కొట్టారు. డిస్నీ వాళ్ళు 1937లో 'ది ఓల్డ్ మిల్' అనే చిన్న చిత్రానికీ, అదే ఏడు 'స్నోవైట్'కీ, గాజుపలకల మీద గీసిన బొమ్మల్ని అంతస్తులుగా పేర్చి పైనుంచి కెమెరాతో తీశారు. దగ్గరి పలకని ఎక్కువ, దూరపు పలకని తక్కువ జరుపుతూ పోయారు. ఇప్పుడు గాజు పోయి కంప్యూటరు వచ్చింది గానీ పొరలు పొరలే. మన హైదరాబాదులోని గ్రీన్ గోల్డ్ వాళ్ళు తీసి 2008 నుంచి పిల్లల్ని కట్టిపడేసిన ఛోటా భీమ్‌లోనూ, వెతుక్కుంటే, ఆ పొరలు దొరుకుతాయి.

వెతుక్కుంటేనే సుమండీ. ఈ ఆటలో నాకు నచ్చిన మొదటి గుణం అదే. బొమ్మ గీసినవాళ్ళు ఎక్కడ కష్టపడ్డారో, ఎక్కడ తొందరలో కానిచ్చేశారో ఇది మొహమాటం లేకుండా చెప్పేస్తుంది. నేపథ్యమంతా ఒకే పలక మీద గీసి పక్కకి లాగేసిన చోట, ఎన్ని ఫ్రేములు తీసినా లోతు రాదు. కోటా, ఆకాశమూ, ముందున్న బావీ, అన్నీ గోడకి వేలాడే కేలండరు మీద ఉన్నట్టే ఉంటాయి. ఇంకోచోట అడవిలో ఒక దృశ్యం ఉంది. మూడు లెక్కలు పెట్టేలోపల అయిపోతుంది. మామూలుగా చూస్తే ఎవరూ పట్టించుకోరు. అట్ట మీద పెడితే నాలుగు దూరాలు విడివడ్డాయి. కొట్టొచ్చినట్టు ముందుకి తోసుకొచ్చిన ఆకులు, కొమ్మ మీద జగ్గూ కోతి, దూరంగా చెట్ల వరస, ఆ వెనక కొండ. ఎవరు వేశారో ఆ ఆకుల్ని, కథకి వాటితో అవసరం లేదు. అయినా వేరే పొరగా వేసి, వేరే వేగంతో జరిపారు.

ఇక లోపాలు. భీమ్ లడ్డూ తిని పరుగు తీసే దృశ్యం పిల్లలందరికీ ప్రాణం కదా, అది దీనికి అచ్చంగా పనికిరాదు. మా వాడు మొట్టమొదట అదే తీసి, బొమ్మ కుదరక ఏడుపు మొహం పెట్టాడు. తాతామనవలిద్దరూ ఒక మధ్యాహ్నమంతా తల బద్దలు కొట్టుకుని కారణం కనిపెట్టారు. పరుగెత్తేవాణ్ణి తెర మధ్యలోనే ఉంచి వెనకాల ఊరిని జరుపుతారు. అంటే రెండు ఫ్రేముల్లోనూ భీమ్ చోటు మారదు. అన్నీ జరుగుతూంటే తాను మాత్రం జరగనిది కంటికి ఎలా తోస్తుంది? రైల్లో మనవెంట వచ్చే చందమామలా, చాలా దూరాన ఉన్నట్టు. అందుకని పాపం భీమ్ వెళ్ళి కొండల వెనక కూర్చుంటాడు, కొండలో ఎవరో వాడి ఆకారానికి కన్నం పొడిచినట్టు. పోనీ కుడిబొమ్మ ఎడమకీ, ఎడమబొమ్మ కుడికీ మారిస్తే వాడు ముందుకొస్తాడు గానీ ఊరు తిరగబడుతుంది, కొండ దగ్గరికీ ఇల్లు దూరానికీ. కాళ్ళ సంగతి సరేసరి. ఒక కంటికి మడిచిన కాలు, ఇంకో కంటికి చాచిన కాలు కనబడితే ఏ మెదడు మాత్రం ఒప్పుకుంటుంది?

అంచేత మంచి బొమ్మ దొరికేది కథ నడిచేచోట కాదు, కథ ఆగినచోట. అంతటి వీరుడికీ ఇందులో వేషం లేదు. కొమ్మ మీద కదలకుండా కూర్చున్న కోతిదే అగ్రస్థానం.

రెండో లోపం, మనుషులు గుండ్రంగా ఉండరు. చుట్కీ ముందూ, గోడ వెనకా ఉంటాయి నిజమే, కానీ చుట్కీ మట్టుకు అట్టలోంచి కత్తిరించి నిలబెట్టిన చుట్కీయే. తోలుబొమ్మల్లాగన్నమాట. చాలామందికి ఇది వెలితిగా తోచింది. ఎదురింటావిడ, "మా చిన్నప్పుడు వ్యూమాస్టర్లో బొమ్మలు ఇలా పలచగా ఉండేవి కావు" అంది. నిజమే, ఉండవు. వ్యూమాస్టరు 1939లో వచ్చింది. గుండ్రటి చక్రంలో 14 చిన్న ఫిల్ములు, అంటే ఏడు దృశ్యాలు. అందులో పిల్లల కథల చక్రాల కోసం అమెరికాలో ఫ్లారెన్స్ థామస్ అనే ఆవిడ, రెండో ప్రపంచయుద్ధం అయ్యాక, నిజంగా చిట్టి చిట్టి బొమ్మలు చేసి, బల్ల మీద చిన్న ఇళ్ళూ చెట్లూ అమర్చి రెండు కళ్ళ లెక్కన ఫోటోలు తీసేది. బొమ్మలకొలువు పెట్టినట్టే. బుగ్గలకి గుండ్రదనం అలా వచ్చింది. మా వాడి ఢోలక్‌పూర్‌కి అది ఎక్కణ్ణుంచి వస్తుంది?

అయినా పలచదనాన్ని నేను పెద్ద తప్పుగా పట్టను. ఈ విద్య పుట్టింది గీతబొమ్మలతోనే. 1838లో ఇంగ్లండులో వీట్‌స్టన్ అనే ఆయన రెండు అద్దాలు పెట్టి మొట్టమొదటి స్టీరియోస్కోపు లోకానికి చూపించేనాటికి ఫోటోగ్రఫీని లోకానికి ఇంకా ప్రకటించనేలేదు. అది ఆ మరుసటేడు, 1839లో. ఆయన చూపించినవి ఉత్త గీతలే. ఒక్కో కంటికి ఒక్కోరకంగా గీసిన పెట్టెలూ శంకువులూనూ. తర్వాత ఫోటోలు వచ్చి గీతని పక్కకి నెట్టేశాయి. మా వాడు తెలియకుండానే మళ్ళీ మొదటికి తెచ్చాడు.

ఇప్పుడు నా సంగతి చెప్పాలి. పైన రాసిన లోతులూ దూరాలూ, పలచటి చుట్కీ, కన్నంలో భీమ్, ఇవేవీ నేను నా కంటితో చూసినవి కావు. ఇంట్లోవాళ్ళనీ, ఎదురింటావిణ్ణీ, పాలబ్బాయినీ కూడా కూర్చోబెట్టి, ఏది ముందుంది, ఏది వెనకుంది అని అడిగి అడిగి రాసుకున్నవి.

మొదటిరోజు నుంచీ పెళ్ళిపత్రిక ముక్కుకి ఆనించుకుని, "ఆహా! ఎంత బావుందిరా!" అంటూనే ఉన్నాను. అందరూ అన్నారు, నేనూ అన్నాను. ఒకరోజు మా వాడు కొత్త అట్ట ఒకటి తెచ్చి వరసగా అందరికీ ఇచ్చాడు. తాతగారు "ఛీ, గోడ ముందుకొచ్చిందేమిట్రా" అన్నారు. ఎదురింటావిడ కళ్ళు నులుముకుంది. నా వంతు వచ్చింది. "ఇదే అన్నిటికన్నా బావుంది" అన్నాను. వాడు నన్ను చూస్తూ ఉండిపోయాడు. అది కావాలని బొమ్మలు తారుమారు చేసి అంటించిన అట్టట.

"అమ్మమ్మా, నీకేమీ కనబడటం లేదు కదూ?"

అబద్ధం అలవాటైపోతే అది అబద్ధమని మనకే తెలియదు. పెళ్ళైన కొత్తలో మావారు డిపార్టుమెంటుకి తీసుకెళ్ళి ఆ అద్దాల స్టీరియోస్కోపులో కొండలు చూపించారు. ఆయన ముచ్చట చూసి "ఆహా" అన్నాను. నాకు కనబడింది రెండు నలుపు తెలుపు కాయితాలు. 1984లో మలయాళంలో తీసిన త్రీడీ సినిమా తెలుగులో 'చిన్నారి చేతన'గా వచ్చినప్పుడు, హాల్లో పిల్లలూ పెద్దలూ చేతులు చాచి గాలిని పట్టుకుంటూంటే, నాకిచ్చిన కళ్ళద్దాలే పాడైనవేమో అనుకుని, మళ్ళీ ఎవర్ని అడుగుతాంలే అని అవే పెట్టుకుని మూడో అంకం దాకా కూర్చున్నాను. స్కూల్లో టెన్నికాయిట్ ఆడేటప్పుడు రింగు నా చేతికి ఎన్నడూ అందేది కాదు. అది మొహం మీదికి వచ్చేదాకా ఎంత దూరంలో ఉందో తెలిసేది కాదు. మొద్దు అన్నారు. కాపురానికి వచ్చాక, "కాఫీ గ్లాసులో పొయ్యమ్మా అంటే బల్లకి పోస్తుంది" అనేవారు అత్తగారు. నిజమే, పోసేదాన్ని. తర్వాత తర్వాత గ్లాసు అంచుకి గిన్నె మూతి తగిలించి పోయడం నేర్చుకున్నాను. సూదిలో దారం ఎక్కించాలన్నా అంతే, సూది మొనని వేలితో తడుముకుంటూ.

కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాం. రెండు కళ్ళకీ చూపు ఉంది గానీ రెండూ కలిసి చూడటం చిన్నప్పుడే నేర్చుకోలేదన్నారు. చిన్నప్పుడు నాకు కాస్త మెల్ల ఉండేది. మెల్లకన్ను అదృష్టమని మా అమ్మమ్మ సరిపెట్టింది. పెరిగేకొద్దీ బయటికి కనబడకుండా సర్దుకుంది, పెళ్ళిచూపుల్లో ఎవరికీ తెలియలేదు, నాతో సహా. ఐదారేళ్ళ పిల్లకైతే కళ్ళజోడనో, బాగున్న కంటికి కొన్నాళ్ళు పట్టీ కట్టడమనో చేయవచ్చుట. నా వయసులో చేయగలిగింది పెద్దగా లేదన్నారు. ఇంటికి వస్తూ దారిలో మావారు ఒక్క మాట కూడా మాట్లాడలేదు. వీధి మలుపు తిరిగాక మాత్రం, "ఆ కొండలు కూడానా?" అన్నారు. తల ఊపాను.

మర్నాడు పొద్దున్నే మామూలుగా యూనివర్సిటీలోకి నడకకి వెళ్ళాం. ఆర్ట్స్ కాలేజీ ముందు మా వాడు ఒక ఫోటో తీశాడు. ఒక్క అడుగు కుడికి వేసి ఇంకొకటి తీశాడు. 1939 నాటి ఆ గులాబిరంగు రాతి భవనమూ, ఆ పెద్ద కమానూ, దాని ముందు చెట్లూ. "చెట్టు ముందుందని నీకెలా తెలుస్తుంది అమ్మమ్మా?" అన్నాడు. కప్పేస్తోంది కాబట్టి అన్నాను. "మరి నడుస్తుంటే?" నడుస్తుంటే చెప్పక్కర్లేదు. చెట్టు జరుగుతుంది, కమాను జరగదు. మెట్రోలో తార్నాక నుంచి మెట్టుగూడ వైపు వెళ్తూంటే ఏ మేడ ముందుందో ఏది వెనకుందో నాకెప్పుడూ అనుమానం రాలేదు.

వాడు అక్కడే మెట్ల మీద కూర్చుని ఆ రెండు ఫోటోల్నీ ఫోన్లో ఒకదాని తర్వాత ఒకటి గబగబా మార్చి మార్చి చూపించాడు. ఇది, అది, ఇది, అది. ఏమని చెప్పను! చెట్టు కమానుని వదిలి బయటికి వచ్చేసింది. తర్వాత అడవి బొమ్మ కూడా అలాగే చూపించాడు. ఆకులు ఊగాయి, కోతి తోక కొమ్మ నుంచి విడివడింది, కొండ వెళ్ళి దాని చోట అది నిలబడింది. నాలుగు దూరాలూ లెక్కపెట్టి చెప్పాను. ఈసారి అన్నీ సరిపోయాయి.

అందుకే, అందరూ మెచ్చుకునే పెళ్ళిపత్రిక పద్ధతికి నేను రెండో బహుమతే ఇస్తాను. లోతు మా వాడు కల్పించింది కాదు. బొమ్మ గీసినవాళ్ళు కదలికలో ఎప్పుడో పెట్టేశారు, ఒంటికంటి వాళ్ళకి కూడా అందేలాగ. మా వాడు దాన్ని కదలకుండా పట్టుకుని రెండు కళ్ళవాళ్ళకి పంచాడు. పట్టుకోవడంలో నేర్పుంది, కాదనను. కానీ ఆపితే ఆగిపోయే లోతు అది, నాబోటి వాళ్ళకి.

బాపు బొమ్మ ఒకటి కూడా పాడుచేశాం, అదీ చెప్పేస్తాను. పాత వారపత్రికలోంచి మొగుడూ పెళ్ళాల కార్టూన్ ఒకటి తీసి రెండు జిరాక్సులు తీయించాం. కుడికంటి బొమ్మలో పెళ్ళాన్ని కత్తిరించి రెండు మిల్లీమీటర్లు ఎడమకి జరిపి అంటించాం. అలా చేస్తే మనిషి ముందుకి వస్తుంది. వచ్చిందిట కూడా. కానీ చూసినవాళ్ళెవరికీ నచ్చలేదు. ఆవిడ జడ ఊపు, ఆ చెయ్యి నడుం మీద పెట్టిన తీరు, అంతవరకూ గదినంతా నింపినవి, ఇప్పుడు ఒక అట్టముక్కకి అతుక్కుపోయాయి. రెండు గీతల్లో కుర్చీ వేసి, ఆ కుర్చీలో బరువైన మొగుణ్ణి కూర్చోబెట్టగల చెయ్యి అది. నా రెండు కళ్ళూ పోట్లాడుకున్నా, ఆ కుర్చీ ఎంత లోపలికి ఉందో నాకు యాభైయేళ్ళుగా తెలుసు. అలాంటి బొమ్మకి కత్తెర పెట్టకూడదు.

మొన్న ఆదివారం మా అమ్మాయి పిల్లవాణ్ణి తీసుకెళ్ళడానికి వచ్చింది. వెంట నాలుగేళ్ళ చిన్నది. అది టీవీ చూసేటప్పుడు తల ఒకపక్కకి వంచుతుందని అమ్మాయి ఫోన్లో ఎప్పుడో అంది. అప్పుడు నేనూ "చిన్నపిల్లలు అంతేలే" అన్నాను. ఇప్పుడు అలా అనలేకపోయాను. పెళ్ళిపత్రిక పరీక్ష డాక్టరు పరీక్షకి బదులు కాదని నాకు తెలుసు, సోమవారం పొద్దున్న తీసుకెళ్ళడానికి అపాయింట్‌మెంట్ కూడా అయింది. కానీ సోమవారం దాకా ఆగడం నావల్ల కాలేదు. కోతి ఉన్న అట్ట తీసి, బంగారు వినాయకుడి పత్రిక నిలబెట్టి, దాని బుల్లి ముక్కుకి ఆనించాను. వాళ్ళన్నయ్య ముందే హెచ్చరించాడు, దాని కళ్ళు దగ్గరగా ఉంటాయి, బొమ్మలు ఇంకా చిన్నవి కావాలి అని. వాడే ఐదు సెంటీమీటర్లకి కొత్తవి కత్తిరించి ఇచ్చాడు.

అది చాలాసేపు ఏమీ అనలేదు. నా గుండె కొట్టుకోవడం నాకే వినబడింది. తర్వాత ఎడమ చేత్తో పత్రిక పట్టుకుని, కుడి చెయ్యి చాచి, అట్టకి ఇంకా జానెడు ఇవతలే, ఏమీ లేని చోట, రెండు వేళ్ళతో కోతి తోకని గిల్లింది.